సాంబ్రాణి చొక్కా

బల్ల మీద కర్పూరం బిళ్ళ వెలిగించి, అరచేత్తో ఆర్పి, ఆ చెయ్యి కడుక్కోకుండానే ఇది రాస్తున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం. అబద్ధమైతే ఈ చెయ్యి ఇంకెప్పుడూ కలం పట్టకుండా పోవాలి.

తిరువూరులో నా మాటకున్న విలువ నాకు తెలియక కాదు. వినగడపలో ఒక రైతు మామిడిచెట్టుకి జ్వరమొచ్చిందని థర్మామీటరు పెట్టి చూశాడని ఊరంతా చెప్పింది నేనే. విజయవాడ బస్సులో నిద్రపోయి కలలో దిగాల్సిన చోటే దిగానని, లేచి చూస్తే నిజంగా అక్కడే ఉన్నానని చెప్పిందీ నేనే. బస్టాండు దగ్గర టీ తాగేవాళ్ళు నన్ను చూడగానే కుర్చీ లాగి, "రండి సార్, ఇవాళ ఏ చెట్టుకి ఒంట్లో బాగోలేదు?" అంటారు. అయినా సరే, ఈ ఒక్కసారికి నమ్మండి.

నాది బస్టాండు రోడ్డులో చిన్న ఫ్యాన్సీ షాపు. గాజులు, క్లిప్పులు, బొట్టుబిళ్ళలు, పౌడర్లు, సెంట్లు. నెలకోసారి విజయవాడ నుంచి సెంట్ల కంపెనీ మనిషి బ్యాగు మోసుకుంటూ వస్తాడు. పోయిన శీతాకాలం వచ్చినప్పుడు నల్లటి సీసా ఒకటి తీశాడు.

"ఇది ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇద్దరూ కొట్టుకోవచ్చు సార్. యూనిసెక్స్ అంటారు."

"మా ఊళ్ళో మొగుడూ పెళ్ళాం ఒక సబ్బు వాడటమే ఎక్కువయ్యా," అన్నాను.

అతను నవ్వి నా మణికట్టు మీద కొట్టాడు. మొదట నిమ్మతొక్క గిల్లినట్టు చురుక్కుమంది. ఇందులో విశేషమేముందని మొహం పెట్టాను. "ఇప్పుడే ఏమీ అనకండి సార్, కాసేపు ఆగి చూడండి," అని సీసా నా దగ్గరే వదిలేసి బస్సెక్కాడు.

అరగంట తర్వాత గాజుల స్టాండు తుడుస్తున్నాను. నిమ్మ ఎటుపోయిందో పోయింది. దాని కింద నుంచి ఇంకేదో లేచింది. నిప్పుల మీద సాంబ్రాణి గడ్డ పగిలినప్పుడు వచ్చే మొదటి పొగ. దాని వెనకే గుగ్గిలం జిగట. ఆ వెనక తడిసిన బొగ్గు, ఎండిన కట్టె.

"ఎందుకట్టా ముడుచుకుంటావురా? కాళ్ళు జాపుకో!"

గుడ్డ నా చేతిలోంచి జారిపోయింది. వెనక్కి తిరిగి చూశాను. బొట్టుబిళ్ళల అట్టలు వేలాడుతున్నాయి, అంతే. మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద బస్సు హారన్లు. ఆ గొంతు మాత్రం నా వెనక అడుగు దూరం నుంచి వచ్చింది. ఆ గొంతు గలావిడ పోయి అప్పటికి ఏడాదిన్నర దాటింది.

ఆ తర్వాత నెల రోజులు షాపుకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ సీసా వాసన చూపించాను. నాకొక్కడికేనా, అందరికీనా అని తేల్చుకోవాలి కదా. పత్తి వ్యాపారి ఒకాయన ముక్కు చిట్లించి, "గుళ్ళో ధూపం వేసే చోట నిలబడి బీడీ కాల్చినట్టుందండి," అన్నాడు. చర్చి వీధిలో ఉండే రిటైరైన టీచరమ్మ కళ్ళు మూసుకుని, "మా పెద్ద పండగ పూజలో ధూపమండి ఇది. పీల్చగానే మోకాళ్ళు నొప్పి పుడుతున్నాయి," అంది. కాలేజీ అమ్మాయి ఒకతి, "అంకుల్, ఇది కొట్టుకుంటే ఎవరూ మన పక్కన కూర్చోరు. బస్సులో బాగా పనికొస్తుంది," అని పకపకా నవ్వింది. ఒక్కరూ కొనలేదు. ఇది ఆడవాళ్ళ సెంటా మగవాళ్ళ సెంటా అని ఒక్కరూ తేల్చి చెప్పలేదు కూడా.

నాకు మాత్రం అది మా అత్తయ్య.

చుట్టరికమేమీ లేదు. పక్కిల్లు. మా అమ్మ ఆవిడని వదినా అని పిలిచేది కాబట్టి నాకు అత్తయ్య, ఆవిడ భర్త మామయ్య. మా వైపు ఎవరింట్లో కాన్పయినా బిడ్డకి నీళ్ళు పోయడానికి ఆవిడ రావలసిందే. అది ఆవిడ వృత్తి కాదు. ఎవరూ నేర్పలేదు. ఆవిడ చేతిలో ఏడ్చిన బిడ్డ తర్వాత నాలుగ్గంటలు నిద్రపోతాడని పేరు, అంతే. మామిడితోటలున్న ఇళ్ళకీ, చర్చి వీధిలో ఉద్యోగస్థుల ఇళ్ళకీ, పత్తి తీతకి వెళ్ళే వాళ్ళ ఇళ్ళకీ ఒకే నడకతో వెళ్ళేది, అన్నిచోట్లా ఒకేలా తిట్టేది.

పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, పిక్కల మీద బిడ్డని బోర్లా పడుకోబెట్టి నూనె రుద్దేది. మగపిల్లాడైతే, "ఏడవరా నాయనా, పని కానీ," అనేది. ఆడపిల్లయితే, "నువ్వింకా గట్టిగా ఏడవాలే తల్లీ, నీ మాట వినాల్సినవాళ్ళు చాలా దూరంలో ఉంటారు," అనేది. నీళ్ళయ్యాక మూకుడులో నిప్పులు పోసి, సాంబ్రాణి, గుగ్గిలం, ఎండిన వావిలాకు కలిపి దంచిన పొడి చల్లేది. అరచేతిని ఆ పొగకి పట్టి, వెచ్చబడ్డాక బిడ్డ మాడు మీద మెత్తగా అద్దేది. ఇప్పుడు కొట్లలో దొరికే కప్పు సాంబ్రాణిని జనం కంప్యూటర్ సాంబ్రాణి అంటారు కదా, దాన్ని చూస్తే ఆవిడకి ఒళ్ళు మండేది. "కంప్యూటర్‌కి పెట్టుకోండి దాన్ని, బిడ్డకెందుకు?" అనేది.

ఆ పనికి వెళ్ళేటప్పుడు చీర మీద మామయ్య పాత చొక్కా ఒకటి తొడుక్కునేది. పత్తి చేలల్లో ఆడవాళ్ళు తొడుక్కుంటారే, అట్లా. పొడుగు చేతుల నీలం గళ్ళ చొక్కా. జేబులో సాంబ్రాణి పొడి పొట్లం, అగ్గిపెట్టె. గొంతు మగగొంతు, నడక మగనడక. వెనకనుంచి చూసి మామయ్య అనుకుని పలకరించిన వాళ్ళున్నారు. వాళ్ళకి ఆవిడ తిరిగి చూడకుండానే, "ఆయన ఇంట్లో వంట చేస్తున్నాడు, పో," అని చెప్పేది. నిజంగానే చేస్తుండేవాడు.

ఆ చొక్కాకి ఏనాడూ సబ్బు తగల్లేదు. పసిపిల్లలు దాని మీద చెయ్యగలిగినవన్నీ చేసేవాళ్ళు. ఆవిడ బావి నీళ్ళలో రెండుసార్లు జాడించి, నిప్పుల మూకుడు మీద బుట్ట బోర్లించి, దాని మీద ఆరేసేది. ముప్పై ఏళ్ళ పొగ ఆ దారాల్లోకి ఎక్కింది.

రెండేళ్ళ కిందట ఎండాకాలంలో ఒకరోజు ఆవిడ అన్నం తిని, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, కాస్త నడుం వాలుస్తానని పడుకుంది. మళ్ళీ లేవలేదు.

పెద్దకర్మ నాడు ఆవిడ చీరలన్నీ మూటగట్టి ఇచ్చేశారు. పోయినవాళ్ళ బట్ట ఇంట్లో ఉంచకూడదంటారు మావాళ్ళు. కొక్కేనికున్న చొక్కా దగ్గరకి వచ్చేసరికి మామయ్య అడ్డం నిలబడ్డాడు. "అది నాది. నేనింకా పోలేదు," అన్నాడు. నిజమే కదా, మగవాడి చొక్కా. పెద్దవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని వదిలేశారు.

అప్పట్నుంచి రోజూ పొద్దున స్నానం చేసి, కాఫీ తాగే ముందు, ఆ చొక్కాలో మొహం పెట్టి ఒక్కసారి గాలి పీల్చుకునేవాడు. నేనొకసారి పేపరు కోసం వెళ్ళి గుమ్మంలోంచి చూశాను.

"ఏంటల్లుడూ అట్టా చూస్తావు? నా చొక్కా నేను వాసన చూసుకోకూడదా?"

"చూసుకో మామయ్యా, ఎవరొద్దన్నారు?"

"తగ్గిపోతోందిరా," అన్నాడు గొంతు తగ్గించి. "మొదట్లో గదిలోకి రాగానే తెలిసేది. ఇప్పుడు ముక్కు ఆనిస్తే గానీ తెలియట్లేదు. అందుకే రోజుకి ఒక్కసారే. ఎక్కువసార్లు పీలిస్తే తొందరగా అయిపోద్దని భయం." ఆగి, చొక్కా మడత సరిచేశాడు. "ఆవిడ పోయిందని మీరంతా ఎప్పుడో అనేసుకున్నారు. నేనింకా అనుకోలేదు. ఇది పోయిన రోజు అనుకుంటా."

వెక్కిరింతగా ఏదో అనబోయి ఊరుకున్నాను. నేను ఊరుకున్న సందర్భాలు నా జీవితంలో చాలా తక్కువ.

ఈ ఏడాది మొదట్లో మామయ్యకి కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేయించడానికి కొడుకూ కోడలూ విజయవాడ తీసుకెళ్ళారు. రెండు రోజులుండి వచ్చారు. కంటికి నల్లద్దాలు, చుక్కల మందు. ఇంకో రెండు రోజులు కంటి దగ్గరకి ఏ గుడ్డా తేవద్దన్నారు, నెలరోజులు ఇంట్లో పొగ కూడదన్నారు. మామయ్య పట్టుదలగా చొక్కా వైపు వెళ్ళలేదు. కోడలు ప్రయాణం బట్టలన్నీ వాషింగ్ మెషిన్లో వేసింది. వాటితోపాటు చొక్కా కూడా వేసేసింది.

మూడోరోజు పొద్దున గోడ అవతల నుంచి మామయ్య కేక విన్నాను. మాట కాదు, ఊరికే ఒక అరుపు. పరిగెత్తాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో చొక్కా. ఇస్త్రీ గీత కత్తిలా ఉంది. గదంతా సర్ఫు వాసన.

"నేను ముట్టుకోలేదు మామయ్యగారూ," అని కోడలు ఏడుస్తోంది. ఆ అమ్మాయి స్కూల్లో టీచరు, నెమ్మదైన మనిషి. "మీ మీద ఒట్టు. నేను దాన్ని ఎప్పుడూ ముట్టుకోను."

ఆయన ఆమె వైపు చూడలేదు. "అయిపోయిందిలే అల్లుడూ," అన్నాడు నాతో.

ఆ రోజు కాఫీ మానేశాడు. మర్నాడు అన్నం. రెండు పూటలా గ్లాసు మజ్జిగ, అంతే. పచ్చడి పెట్టినా, పెరుగు పెట్టినా, "వాసన తెలియట్లేదు," అని కంచం జరిపేసేవాడు. వారం తిరిగేసరికి బుగ్గలు లోపలికి పోయాయి. మళ్ళీ సాంబ్రాణి పొగ వేద్దామంటే డాక్టరు వద్దన్నాడు. పైగా ఆవిడ ఏది ఎంత కలిపేదో ఎవరికీ తెలియదు.

నా షాపులో నల్ల సీసా ఉంది.

పొద్దున్నే చిన్న దూది ఉండ మీద రెండుసార్లు కొట్టి, షాపు వెనక ఎండలో పెట్టాను. నిమ్మ చచ్చేదాకా ఆగాలి. మధ్యాహ్నానికి అది చచ్చింది, పొగ మిగిలింది. సాయంత్రం మామయ్య పెరట్లో కాళ్ళు కడుక్కుంటుండగా లోపలికెళ్ళి, దూదిని చొక్కా జేబులో అడుగున కుక్కాను. ఆవిడ పొట్లం పెట్టుకునే చోటే. చెయ్యి బయటికి తీస్తుంటే, "దొంగవెధవా," అని వినపడింది. ఈసారి నేను వెనక్కి తిరగలేదు. ధైర్యం చాల్లేదు.

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి మామయ్య చొక్కా ఒళ్ళో పెట్టుకుని, నల్లద్దాలు గోడ వైపు తిప్పి కూర్చున్నాడు.

"వచ్చింది," అన్నాడు చివరికి. తర్వాత వంటింటి వైపు తిరిగి గాలిలోకి చెప్పినట్టు, "కాఫీ ఉంటే ఇవ్వమను," అన్నాడు. మధ్యాహ్నం నాలుగు ముద్దలు తిన్నాడు.

ఇక నేను మానలేకపోయాను. నాలుగు రోజులకోసారి కొత్త దూది పెట్టి, పాతది తీసేద్దామని జేబులో వెతికితే అది కనిపించేది కాదు. మడతల్లో ఎక్కడో పడి ఉంటుందిలే అనుకునేవాణ్ణి. వీధిలో మాట లేచింది. కుళాయి దగ్గర సాంబ్రాణి వాసనొచ్చిందని ఒకావిడ, ఉయ్యాల్లో బిడ్డ ఉలిక్కిపడకుండా నవ్వుతోందని ఇంకొకావిడ. వాళ్ళ మాటలు విని నాలో నేను నవ్వుకున్నాను. ఇంతలో ఒకరోజు సరుకు పనిమీద గంపలగూడెం వెళ్ళి షేర్ ఆటోలో తిరిగొస్తున్నాను. సీసా షాపులో తాళం వేసి ఉంది. ఒంటి మీద ఉతికిన బట్టలు. పక్కన పత్తి సంచి, ఎదురుగా ఇద్దరు ఆడకూలీలు. ఆటో పొలాల మధ్యకి రాగానే వచ్చింది. నిమ్మ లేదు. తిన్నగా పొగ, దాని కింద ఆముదం, దాని కింద చెమట. సీసాలో లేనివి. ఎదురుగా ఉన్నావిడ ముక్కు ఎగబీల్చి, "ఎవరే బాలింత, ఆటో ఎక్కింది?" అని పక్కామెని అడిగింది. నేను తిరువూరుకి ఇంకా దూరం ఉండగానే దిగిపోయి, మిగతాది నడిచొచ్చాను.

సీసా అడుగంటింది. కంపెనీ మనిషికి ఫోన్ చేస్తే, "అది ఆగిపోయింది సార్, ఎక్కడా అమ్ముడుపోలేదుగా," అన్నాడు. ఆఖరి దూది పెట్టిన మర్నాడు మామయ్యే కబురు పంపి నన్ను పిలిపించాడు. వరండాలో కూర్చోబెట్టి పిడికిలి విప్పాడు. అందులో దూది ఉండలు. లెక్కపెడితే తొమ్మిది.

"మీ అత్తయ్యకి దూది పెట్టింది ముక్కులో," అన్నాడు. "జేబులో కాదు."

నేను ఆ ఉండల్ని మళ్ళీ లెక్కపెట్టాను.

"మొదటి రోజే తెలుసురా. ఆవిడ వాసనలో నూనె ఉండేది, పాల కక్కు ఉండేది, ఇంత కోపం ఉండేది. ఇందులో అవేం లేవు. ఇదెవరో ఆవిడ చెల్లెలి వరస. పట్నంలో పెరిగింది. పలకరించడానికి వచ్చింది. వచ్చిన మనిషి ముందు అన్నం తినకుండా ఎట్టా కూర్చుంటాను, మర్యాద కాదుగా? అందుకని తిన్నా."

"మామయ్యా..."

"ఉండు. ఆవిడ పోయిందిరా. అనుకున్నాను మొన్న. అనుకుంటే నేనేమీ చావలేదు." దూది ఉండల్ని తిరిగి పిడికిట్లో మూశాడు. "ఒక్కటే మిగిలింది. కోడలు ఉతకలేదంటుంది. నేను నమ్మలేదు. నెల దాటింది ఆ పిల్లతో మాట్లాడి. చెయ్యకపోతే చెయ్యలేదనే అంటారు, చేసినవాళ్ళూ అదే అంటారు. నీకేమన్నా తెలుసా?"

"నాకేం తెలుసు మామయ్యా," అన్నాను.

ఇప్పుడు కర్పూరం సంగతి. అరచెయ్యి ఇంకా చురుక్కుమంటోంది కాబట్టి చెప్పేస్తాను. గంపలగూడెం ఆటో కట్టుకథ అని మీరు అనుకుని ఉంటారు. నేనూ అలా అనుకోవాలనే చూస్తున్నాను. అది నిజం. నేను కల్పించింది దానికంటే చాలా చప్పటి సంగతి. కోడలు చొక్కాని మెషిన్లో వేసిందన్న ఒక్క వాక్యం.

వాళ్ళు విజయవాడలో ఉన్న రెండు రోజులూ ఇంటి తాళం నా దగ్గరుంది. మా స్నేహితుడి మనవరాలి బారసాల మొదటిరోజు మధ్యాహ్నమే. అత్తయ్యలా మాట్లాడి నవ్వించడం నాకు చిన్నప్పట్నుంచి అలవాటు. ఈసారి అసలు చొక్కాయే తొడుక్కుని వెళితే ఇంకా బాగుంటుందని తాళం తీశాను. పీట మీద కూర్చుని, కాళ్ళు జాపి, ఆ బిడ్డని పిక్కల మీద వేసుకుని, "నువ్వింకా గట్టిగా ఏడవాలే తల్లీ," అన్నాను. అందరూ కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వారు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది, కళ్ళనీళ్ళు ఆగలేదు. అప్పుడు ఆ బిడ్డ చొక్కా తడిపింది.

బావి నీళ్ళలో రెండుసార్లు జాడించి ఆరేస్తే సరిపోయేది. ఆవిడ ముప్పై ఏళ్ళు చేసింది అదే. నేను మాత్రం ఆనవాలు మిగలకూడదని సర్ఫు వేసి, బ్రష్షుతో రుద్ది, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి, మళ్ళీ అదే కొక్కేనికి తగిలించాను. ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాను కూడా. ఏమీ లేదు. అప్పుడే తెలిసింది ఏం చేశానో.

మామయ్యకి రెండో కంటికి ఇంకా ఆపరేషన్ కాలేదు, చిన్న అక్షరాలు ఆనవు. ఇది అచ్చయితే చదివి వినిపించాల్సింది ఆ కోడలమ్మాయే. అమ్మాయ్, ఇక్కడిదాకా వచ్చాక ఆగవద్దు. గొంతు తగ్గించవద్దు. ఆయనకి వినపడేలా చదువు. చొక్కా ఉతికింది పక్కింటివాడు.